పాత ఛాయాచిత్రములలో భాగ్యనగరము

ఆషాఢమాసము రాగానే హైదరాబాదు పాతబస్తీలోని లాల్ దర్వాజా వైపు స్త్రీలు బోనములను తలకెత్తుకొని బారులు తీర్చి నడతురు. సింహవాహిని మహంకాళి గుడికి దారి యేదని అడిగినచో పసిపిల్లవాడు సైతము వ్రేలు చాపి చూపును. కాని, "ఆ దర్వాజా యేది? ఎఱ్ఱని ద్వారమెచ్చట నున్నది?" అని మఱియొక ప్రశ్న వేసినచో పెద్దలును తడబడుదురు. అచట వీథి యున్నది; అంగళ్లున్నవి; గుడి యున్నది. ద్వారము మాత్రము లేదు. ఒకనాడు నగరమును చుట్టియుండిన రాతిప్రాకారమునకు అది యొక గుమ్మము. ప్రాకారము పోయినది, గుమ్మము పోయినది. పేరొక్కటి ప్రజల నాలుకపై నిలిచినది.

ఈ నగరమున ఇట్టి పేర్లు పెక్కు కలవు. లకడీకాపూలులో కొయ్యవంతెన లేదు. బషీర్‌బాగులో తోటయు లేదు, తోటలోని మేడయు లేదు. ఆబిడ్సులో ఆబిద్ గారి దుకాణము లేదు. బస్సు కండక్టరు దినమునకు నూరుమార్లు ఈ పేర్లను పలుకును. ప్రయాణికుడు విని దిగిపోవును. ఆ పేరు వెనుక నొక కట్టడముండెనని ఇరువురకును స్ఫురింపదు. పేరు ఒక్కటే మిగిలినప్పుడు దానికి మరల రూపమీయగల సాక్షి యేది? శాసనములు దాత పేరు చెప్పును. చరిత్ర గ్రంథములు సంవత్సరము చెప్పును. కాని గుమ్మము ఎంత యెత్తుండెనో, దానిక్రింద ఎవరు నడచిరో, నీడ ఎటు పడెనో చెప్పగలిగినది పాత ఛాయాచిత్రము మాత్రమే.

ముసవ్విర్ జంగ్

హైదరాబాదునకు సంబంధించిన పాత చిత్రములలో మిక్కిలి ప్రసిద్ధములైనవి లాలా దీన్‌దయాళ్ తీసినవి. ఆయన 1844లో మీరట్ సమీపమునందలి సర్ధనాలో జన్మించెను. రూర్కీలోని థామ్సన్ ఇంజనీరింగు కళాశాలలో చదివి, ఇండోరులో ప్రజాపనుల శాఖయందు నక్షాలు గీయు ఉద్యోగమున చేరెను. అచ్చటనే ఛాయాచిత్రకళ ఆయనకు పట్టుపడెను. 1880వ దశకము నడుమ హైదరాబాదు చేరగా, ఆఱవ నిజాము మీర్ మహబూబ్ అలీ ఖాన్ ఆయనను ఆస్థాన ఛాయాచిత్రకారునిగా నియమించి, తరువాత "ముసవ్విర్ జంగ్" అను బిరుదు నిచ్చెను. ముసవ్విర్ అనగా చిత్రకారుడు. 1886లో సికిందరాబాదున ఆయన స్టూడియో వెలసెను. 1892లో ఘోషా స్త్రీల కొఱకు వేఱొక జనానా స్టూడియో నేర్పఱచి, దానిని ఒక ఆంగ్లవనిత చేతిలో నుంచెను. 1905లో ఆయన కాలధర్మము నొందెను.

దీన్‌దయాళ్ మొదట ఇంజనీరింగు విద్యార్థి యను సంగతి మఱవరాదు. ఆయన తీసిన మేడల చిత్రములలో స్తంభములు నిటారుగా నుండును, గోడలు ఒరిగినట్లుండవు, కట్టడము నేలపై నెట్లు కూర్చున్నదో స్పష్టముగా తెలియును. నక్షా గీచిన చేయి, కెమెరాను నిలిపిన చేయి ఒక్కటే. ఆనాటి నెగటివు గాజుపలక. దానిపై వెండి లవణములు కలిసిన జిలాటిను పూత యుండును. పెద్దపలకను కాగితముపై నాన్చి అచ్చొత్తెడివారు గనుక పలక యెంతయో చిత్రమంత. అందువలన భూతద్దము పట్టి చూచినచో దూరపు కిటికీ చువ్వలను కూడ లెక్కింపవచ్చును. ఆయన కుటుంబము కాపాడిన గాజు నెగటివులలో 2,800కు పైగా 1989లో ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రమునకు చేరినవి. గాజు పగిలిపోవును, పూతకు బూజు పట్టును. శతాబ్దికి పైగా అవి నిలిచియుండుట మన పుణ్యవిశేషము.

నయాపూల్ ఆవలి గుమ్మము

అఫ్జల్‌గంజ్ నుండి చార్మినారునకు పోవువారు నేడు నయాపూల్ దాటి మదీనా కూడలి మీదుగా సాగిపోవుదురు. వంతెన యెక్కుట, దిగుట తప్ప వేఱొక భేదము వారికి తోచదు. పందొమ్మిదవ శతాబ్దపు చివరినాటి చిత్రములలో ఈ దారి యిట్లు లేదు. వంతెన దక్షిణపు కొన యందు అఫ్జల్ దర్వాజా నిలిచియుండును. నది దాటిన బాటసారి ఆ కమాను క్రింద తలవంచినట్లుగా లోనికి పోవలసినదే. అయిదవ నిజాము అఫ్జలుద్దౌలా 1857 నుండి 1869 వఱకు పాలించెను. ఆయన పేరే వంతెనకును, ద్వారమునకును, ఈవలి గంజునకును వచ్చినది. 1578లో ఇబ్రహీం కుతుబ్‌షా కాలమున కట్టిన పురానాపూల్ అంతకుముందే యుండుటచే దీనిని జనులు నయాపూల్ అనిరి.

నగరప్రాకారమును మొగలు సుబేదారు ముబారిజ్ ఖాన్ మొదలిడగా, మొదటి నిజాము పూర్తి గావించెను. అఫ్జల్ దర్వాజా ఆ పాత గోడకు పిమ్మట తొడిగిన కొత్త గుమ్మము. లాల్ దర్వాజా, ఫతే దర్వాజా, అలియాబాదు, గౌలిపురా, యాకుత్‌పురా, మీర్ జుమ్లా, దబీర్‌పురా మొదలైనవి తక్కిన ద్వారములు. 1908 వరద నదివైపు గోడను దెబ్బతీసినది. మిగిలినదానిలో అధికభాగమును ఇరువదవ శతాబ్ది నడుమ రాకపోకలకు అడ్డమని తొలగించిరి. అఫ్జల్ దర్వాజాయు ఆ కాలముననే కూలినది. నేడు నిలిచిన ద్వారములు రెండే: ఒకటి పురానాపూల్ చెంత, మఱియొకటి దబీర్‌పురాలో.

గోడ పోయినందుకు విచారింపనక్కఱలేదని కొందఱనవచ్చును. నిజమే; బస్సులకు, లారీలకు ఆ గుమ్మము చాలదు. కాని గుమ్మమనగా రాళ్ల కుప్ప మాత్రమే కాదు. ఊరు ఎచ్చట మొదలగునో, ఎచ్చట ముగియునో అది చెప్పును. "పట్నములోనికి పోవుట" అను మాటకు అర్థమిచ్చినది అదియే. నేడు లోపల, వెలుపల అను భేదము లేని మహానగరమున ఆ మాటకు రూపమెట్లుండెనో అఫ్జల్ దర్వాజా చిత్రము చూచిన విద్యార్థికి ఒక్క క్షణమున బోధపడును.

వస్తువులు మిగిలిన ఇల్లు

ఆ గుమ్మము దాటి కొంతదూరము పోయినచో దివాన్ దేవడి యుండెడిది. దివాను అనగా ప్రధానమంత్రి. 1853 నుండి 1883 వఱకు రాజ్యపు పగ్గములు పట్టిన మొదటి సాలార్‌జంగ్ నివాసమది. ఒక్క మేడ కాదు. వాకిళ్లు, తోటలు, సభామందిరములు కలిసిన భవనముల గుంపు. అందు అద్దముల మందిరమైన ఆయినాఖానా ప్రసిద్ధము. ఆనాటి చిత్రములలో దివాన్ దేవడి వైభవమును చూచినవారికి, దానిని నేటి సందులలో వెదకుట కలలో చూచిన ఇంటిని మెలకువలో వెదకినట్లుండును.

ఈ దేవడి కథలో ఒక వింత కలదు. మూడవ సాలార్‌జంగ్ 1949లో సంతానము లేక గతించెను. ఆయన కుటుంబము కూడబెట్టిన అపురూప వస్తువులతో 1951 డిసెంబరు 16న అదే దేవడిలో నెహ్రూ పండితుడు మ్యూజియమును ప్రారంభించెను. 1968లో వస్తువులన్నియు మూసీ యొడ్డుననున్న నేటి భవనమునకు తరలిపోయినవి. ముసుగు వేసికొన్న రెబెక్కా పాలరాతి ప్రతిమను, గంటకొట్టు బొమ్మ గడియారమును చూచుటకు ప్రతి సంవత్సరమును బడిపిల్లలు బారులు తీర్తురు. కాని వానిని మొదట నుంచిన యిల్లు క్రమక్రమముగా కూలిపోయి, ఆ స్థలమున అంగళ్ల కట్టడములు లేచినవి. వస్తువులకు చట్టము రక్షణ యిచ్చినది, యింటికి ఇయ్యలేదు. దివాను మేజాపైనున్న గడియారము నిలిచి, మేజా యున్న గది నశించుట చిత్రమైన సంగతి. మ్యూజియము చూడవచ్చిన విద్యార్థికి ఆ దేవడి పాత చిత్రమునొక్కదానిని చేతికిచ్చినచో, తాను చూచుచున్నది ఒక యింటి సామగ్రి యని తెలిసి, ఆ గదులకు మరల ప్రాణము వచ్చును.

వరదకు ముందు, వరదకు వెనుక

కట్టడములను మనుష్యులు మాత్రమే కూల్చరు. 1908 సెప్టెంబరు 28న మూసీనది పొంగి నగరమును ముంచినది. సుమారు 15,000 మంది మరణించిరని అంచనా. అఫ్జల్, ముసల్లంజంగ్, చాదర్‌ఘాట్ వంతెనలు మూడును తెగిపోగా, అన్నిటికంటె పాతదైన పురానాపూల్ ఒక్కటియే నగరపు రెండు భాగములను కలిపినది. ఒడ్డుననున్న అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి కొట్టుకొనిపోయినది. అచ్చటి యొక చింతచెట్టు నెక్కి 150 మంది ప్రాణములు దక్కించుకొనిరని నగరవాసులు చెప్పుకొందురు. నేటికిని ఆ చెట్టును ఉస్మానియా ఆసుపత్రి ఆవరణమున చూపుదురు.

వరద తగ్గిన పిమ్మట తీసిన చిత్రములు మఱియొక తీరువి. వానిలో నవాబులు లేరు, ఏనుగులు లేవు. కూలిన గోడలు, ఇండ్లుండిన చోట మట్టిదిబ్బలు, తెగిన వంతెన కమానులు కనుపించును. వరదకు ముందటి చిత్రమును, తరువాతి చిత్రమును ప్రక్కప్రక్కన నుంచి చూచినవారికి ఒక సత్యము తెలియును. నేడు మనము హైదరాబాదునకు ప్రాచీన చిహ్నములని చూపునవి పెక్కు ఆ వినాశమునుండి పుట్టినవే. ఉపద్రవము మరల రాకుండుటకై మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారిని పిలిపించిరి. ఆయన సూచనల ననుసరించి ఉస్మాన్‌సాగర్ 1920లోను, హిమాయత్‌సాగర్ 1927లోను పూర్తియైనవి. 1912లో నగరాభివృద్ధి సంస్థ యేర్పడెను. మూసీ యొడ్డున హైకోర్టు, ఉస్మానియా ఆసుపత్రి, చార్మినారు దారిలో పత్తర్‌గట్టి రాతికమానులు తరువాత వచ్చినవే. మనకు పాతదైనది ఒకనాడు కొత్తది. దానిక్రింద మఱియొక పాతది పండియున్నది. ఇది తెలిసిన విద్యార్థి నగరమును ఒక్క పొరగా చూడడు.

నదికి ఉత్తరమున

నది దాటి ఉత్తరమునకు వచ్చినచో, కొత్తనగరపు నడిబొడ్డగు ఆబిడ్సు కలదు. ఆఱవ నిజామునకు ఆంతరంగిక సేవకుడుగా నుండిన ఆల్బర్ట్ ఆబిద్ అను ఆర్మేనియా వర్తకుడు ఇచ్చట నొక దుకాణము పెట్టెను. విదేశపు సరకులకది పేరుపడినది. యజమాని పోయినను, దుకాణము పోయినను, ఉర్దూ మాటాడువారు నేటికిని ఈ కూడలిని "ఆబిద్ షాప్" అనియే యందురు. రాజు పేరు కాదు, మంత్రి పేరు కాదు, ఒక అంగడివాని పేరు నడిబజారునకు నిలిచినది.

దానికి కొంత ఆవల బషీర్‌బాగు. 1887లో ప్రధానమంత్రి యైన సర్ ఆస్మాన్‌జా పైగా వంశజుడు. ఆయనకు "బషీరుద్దౌలా" అను బిరుదుండెను. ఆ బిరుదునుండి ఆయన ప్రాసాదమునకును, తోటకును ఆ పేరు వచ్చినది. దీన్‌దయాళ్ తీసిన చిత్రములలో ఐరోపా తరహా మేడ, ముందు విశాలమైన తోట గోచరించును. ఇప్పుడచ్చట కార్యాలయములు, హోటళ్లు, ఎడతెగని వాహనములు. చిత్రమే లేకున్నచో "బాగు" అనగా తోట యను అర్థము నిఘంటువులో మాత్రమే దొరకును.

అచ్చటినుండి హుస్సేన్‌సాగర్ వైపు పోయినచో సైఫాబాదు. 1888లో ఆఱవ నిజాము కట్టించిన సైఫాబాదు ప్రాసాదము పిమ్మట సచివాలయమున "జీ బ్లాకు"గా చాలకాలము నిలిచినది. ఎందఱో ముఖ్యమంత్రుల పాలనకు సాక్షియైన ఆ భవనమును 2020 జులైలో పాత సచివాలయముతోపాటు పడగొట్టిరి. కొత్త సచివాలయము 2023 ఏప్రిల్ 30న ప్రారంభమైనది. కట్టడములు అదృశ్యమగుట పూర్వకాలపు ముచ్చట యని తలచువారికి ఇది హెచ్చరిక. నేడు బడిలో చదువుచున్న పిల్లలు చూచిన భవనమే నేడు చిత్రములలోనికి పోయినది.

చిత్రమును చదువు పద్ధతి

ఛాయాచిత్రము అబద్ధమాడదని సామాన్యులు తలతురు. అబద్ధమాడకపోవచ్చును గాని, అడిగినదానికే సమాధానము చెప్పును. కావున దానిని న్యాయస్థానమున సాక్షిని ప్రశ్నించినట్లు ప్రశ్నింపవలెను.

మొదటి ప్రశ్న కాలమును గూర్చి. చార్మినారు చిత్రమొకటి చేతికి వచ్చినదనుకొందము. దాని వెనుక సంవత్సరము లేదు. అప్పుడు నాలుగు ముఖములపై గడియారములున్నవా యని చూడవలెను. ఆ గడియారములను 1889లో నమర్చిరి. అవి లేకున్నచో చిత్రము అంతకు ముందటిది, ఉన్నచో పిమ్మటిది. అట్లే మూసీ యొడ్డున హైకోర్టు గుమ్మటములు కనుపించినచో అది వరదకు తరువాతి చిత్రమని నిశ్చయింపవచ్చును. తేదీ లేని చిత్రమునకు కట్టడములే తేదీ చెప్పును.

రెండవ ప్రశ్న జనమును గూర్చి. పాత చిత్రములలో వీథులు నిర్మానుష్యముగా తోచును. ఆనాడు జనులు తక్కువని యెంచుట పొరపాటు. దూరమును దగ్గరను ఒక్కతీరున స్పష్టముగా పట్టుటకు కెమెరా కన్ను చిన్నది చేసి, ఎక్కువ సేపు తెఱచి యుంచెడివారు. కదలక నిలిచినవాడు పలకపై నిలిచెను; నడచిపోయినవాడు పొగవలె మసకబారెను, లేదా పూర్తిగా మాయమయ్యెను. చిత్రములో నిలిచిన గోడ నేడు పోయినది. చిత్రములో నిలువని జనము సంతతి రూపమున నేటికిని అదే వీథిలో నడచుచున్నది.

మూడవ ప్రశ్న దిక్కును గూర్చి. గాజుపలకను తిరుగవేసి అచ్చొత్తినచో కుడి యెడమలు తారుమాఱగును. అక్షరములున్న పలక యేదైన చిత్రములో నున్నచో దానిని బట్టి సరిచూడవచ్చును. లేనిచో పాత పటములే శరణ్యము. వరద పిమ్మట 1912 మొదలు లియొనార్డ్ మన్ ఆధ్వర్యమున తయారైన హైదరాబాదు మునిసిపల్ పటములు ఇందుకు మిక్కిలి యుపయోగపడును. పటము స్థలము చెప్పును, చిత్రము రూపము చెప్పును. రెండును కలిసిననే కట్టడము లేచి నిలుచును.

కెమెరా చూడని నగరము

నాలుగవ ప్రశ్న అన్నిటికంటె ముఖ్యమైనది: ఈ చిత్రములో లేనిదేది? గాజుపలక ఖరీదైనది. ఆస్థాన చిత్రకారుడు ఆస్థానము కోరినదానినే ముఖ్యముగ తీసెను. ప్రాసాదములు, విందులు, వేట, సైన్యము ఆ సంపుటములలో నిండియున్నవి. నేతగాని ఇల్లు, కూరగాయల సంత, వీథిబడి అరుదు.

తెలుగువారికి సంబంధించిన నిదర్శన మొకటి చూడవచ్చును. 1901 సెప్టెంబరు 1న, దీన్‌దయాళ్ ఇంకను జీవించియుండగనే, రెసిడెన్సీ బజారు ప్రాంతమున రావిచెట్టు రంగారావు గారి ఇంట శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము వెలసినది. కొమఱ్ఱాజు లక్ష్మణరావు, నాయని వెంకట రంగారావు మున్నగువారు దానికి ప్రాణము పోసిరి. తెలంగాణమున తెలుగు మేల్కొన్న తావులలో అది ముఖ్యమైనది. అయినను ఆ కాలపు రాజప్రాసాదముల ఝాడంబరదీపములను వెలిగించినంత మక్కువతో ఈ పఠనాలయపు బల్లలను ఏ కెమెరాయు వెలిగింపలేదు. భాషానిలయము 1921లో సుల్తాన్ బజారున సొంత భవనము సంపాదించుకొని పుస్తకములతో నిలిచినది గనుక దాని చరిత్ర దక్కినది. అట్టి యదృష్టము లేని చిన్న కట్టడములెన్నియో రెండుమార్లు మరణించినవి: ఒకసారి గోడలు కూలినప్పుడు, మఱియొకసారి వాని చిత్రమెచ్చటను లేదని తేలినప్పుడు.

నేటి కర్తవ్యము

దీన్‌దయాళ్ కాలమున నగరమంతకు కొలదిమంది చేతులలోనే కెమెరా యుండెను. నేడు ప్రతి యింటను సెల్‌ఫోనున్నది. అయినను నేటి చిత్రములు నూఱేండ్ల తరువాతి వారికి ఉపకరించునని చెప్పజాలము. దీన్‌దయాళ్ తన పలకలపై సంఖ్యను, స్థలము పేరును వ్రాసెడివాడు. అందువలననే అవి నేడు సాక్ష్యమిచ్చుచున్నవి. పేరు, తేదీ లేని చిత్రము అనాథ. అది ఎంత అందముగా నున్నను చరిత్రకు కొఱగాదు.

ఉపాధ్యాయులు తలచినచో ఇది తరగతిగదిలోనే చక్కదిద్దదగిన పని. ప్రతి యూరికిని ఒక పాత గడియార స్తంభమో, సత్రమో, రచ్చకట్టయో, సంతబావియో కలదు. విద్యార్థులు దానిని నాలుగు దిక్కులనుండి చిత్రించి, తీసిన తేదీ, నిలిచిన చోటు, చూచిన దిక్కు, పెద్దలు చెప్పిన పేరు వ్రాసి బడి గ్రంథాలయమున భద్రపఱుపవలెను. ఇండ్లలోని ట్రంకుపెట్టెలలో పడియున్న పెండ్లి ఫొటోల వెనుక భాగమున ఏ వీథి, ఏ మేడ కనుపించుచున్నదో అవ్వతాతల నడిగి వ్రాసికొనవలెను. పెండ్లికొడుకు ప్రక్కననున్న గోడ రేపు ఒక పరిశోధకునికి పెన్నిధి కావచ్చును.

దబీర్‌పురా ద్వారము క్రిందుగా నేటికిని వాహనములు సాగుచున్నవి. లాల్ దర్వాజాకు పట్టిన గతి దానికి పట్టలేదు. ఆ త్రోవన బడికి పోవు పిల్లవాడు ఒక్కసారి తలయెత్తి చూచి, అది యేమని గురువు నడిగినచో, ఆ ప్రశ్నకు సమాధానము చెప్పుటకు గోడయు, పేరును రెండును అచ్చట ఇంకను కలవు.